ఎలక్ట్రిక్ బ్లూస్-రాక్ పాటలోని దర్జాను గిటారుపై పలికించడం ఎలా?

ఎలక్ట్రిక్ బ్లూస్-రాక్ పాటకు దర్జా వచ్చేది వేగం వల్లనో, హోరు వల్లనో కాదు. వాయించేవారు లయలో ఎక్కడ ఆగుతారు, ఒక్కో స్వరాన్ని ఎంతవరకు వంచుతారు అన్నదాని వల్ల. చెన్నైలో పెరుగుతూ చిన్నతనంలో కర్ణాటక సంగీతం కొంతైనా నేర్చుకున్న తెలుగువారికి ఈ దారి అంత కొత్తదేమీ కాదు.

ముందుగా లయను పట్టుకోండి. ఈ సంగీతంలో ఎక్కువగా వినిపించే నడక షఫుల్. ఒక్కో దెబ్బను తిశ్ర గతిలో ‘తకిట’ అని లెక్కపెట్టుకుంటూ, నడిమి అక్షరాన్ని వదిలేసి మొదటి, మూడవ అక్షరాల మీదే తీగలు మీటాలి. టిక్కులతో లయను చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 45కు పెట్టి, ఆ టిక్కులను నాలుగు దెబ్బల బార్‌లో రెండవ, నాలుగవ దెబ్బలుగా భావించండి. డ్రమ్మర్ స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) కొట్టేది అక్కడే. ఇది కుదిరేదాకా ఎడమచేతిని తీగలపై ఊరికే ఆనించి, స్వరం పలకకుండా కుడిచేతితోనే సాధన చేయాలి.

తర్వాత 12 బార్ల చట్రం, అంటే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వచ్చే వరుస: ఏ7 నాలుగు బార్లు, డీ7 రెండు, మళ్లీ ఏ7 రెండు, ఈ7 ఒకటి, డీ7 ఒకటి, చివర ఏ7 రెండు.

అసలు రుచి స్వరాలలో ఉంది. ఏ మైనర్ పెంటటానిక్ అనే ఐదు స్వరాల వరుసలోని ఏ, సీ, డీ, ఈ, జీలను, ఏను షడ్జమంగా పెట్టుకుని పాడితే శుద్ధ ధన్యాసి స్వరాలే వస్తాయి. అయితే కింద మోగే ఏ7 కార్డ్‌లో అంతర గాంధారం ఉంటుంది, మీరు వాయించేది సాధారణ గాంధారం. ఆ రెండింటి ఒరిపిడిలోనే బ్లూస్ పుడుతుంది. లావుపాటి ఆరవ తీగను 8వ ఫ్రెట్ (గిటారు మెడపై అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర ఉంగరపు వేలితో నొక్కి, నేలవైపు కొద్దిగా లాగి, 5వ ఫ్రెట్‌కు దిగండి. స్వరం రెండు గాంధారాల మధ్యనే నిలవాలి. పూర్తిగా అంతర గాంధారానికి చేరితే ఆ పొగరు పోతుంది.

ఇక ధ్వని సంగతి. మిసిసిపీ నుంచి 1943లో షికాగో చేరిన బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మడ్డీ వాటర్స్ వంటివారు క్లబ్బుల సందడిలో వినిపించడానికి ఎలక్ట్రిక్ గిటారును ఆశ్రయించారు. వాల్వ్ ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి పెంచినప్పుడు తరంగాల శిఖరాలు చదునై ఆ గరుకుదనం వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో అంత శబ్దం కుదరదు కనుక ఆ గరుకుదనాన్ని తక్కువ శబ్దంలోనే ఇచ్చే ఓవర్‌డ్రైవ్ పెడల్ వాడి, గరుకుదనాన్ని పెంచే గెయిన్ మీటను సగానికి లోపే ఉంచండి, లేకపోతే కుడిచేతి బలాబలాలు వినిపించవు. సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తుడవండి.

చివరగా పాటను చేర్చండి. ఒక పాదం పాడి, దానినే మళ్లీ పాడి, మూడవ పాదంలో జవాబు చెప్పడం బ్లూస్ సంప్రదాయం. మౌంట్ రోడ్డు ట్రాఫిక్ మీదైనా సరే, మీ మాటలు మీరే తెలుగులో రాసుకోండి. పాదానికి దక్కే నాలుగు బార్లలో రెండింటిలో పాడి, మిగిలిన రెండింటిలో గిటారుతో బదులివ్వండి, ఆ బదులును కూడా తరువాతి పాదం ఎత్తుగడకు ఒక దెబ్బ ముందే ఆపేయండి.