ఇండియా–పాక్ మ్యాచ్ పదిమందితో కలిసి చూస్తున్నారా? కోపం ఎవరి మీద పడుతుందో ముందే చూసుకోండి

ఇండియా–పాకిస్తాన్ మ్యాచ్ ప్రశాంతంగా చూడమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. టెన్షన్ లేకపోతే ఆ మ్యాచ్ చూడటమే దండగ. అపార్ట్‌మెంట్ హాల్లోనో, హాస్టల్లోనో, దుబాయ్‌లో షేరింగ్ రూమ్‌లోనో పదిమంది కలిసి కూర్చున్నప్పుడు ఆ టెన్షన్ కోపమై పక్కవాడి మీద పడకుండా ఏం చేయాలో, అంతవరకే ఇక్కడ చెబుతున్నాను.

మన తిట్లు అవతలి బౌలర్‌కి వినపడవు. అవి పడేదంతా ఇంటి దగ్గరే. 2021 అక్టోబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ పది వికెట్ల తేడాతో గెలిచింది, అంటే మన బౌలర్లలో ఎవరికీ ఒక్క వికెట్ కూడా పడలేదు, అయినా జనం ఏరి కోరి షమీనే పట్టుకుని మతం పేరుతో తిట్టారు, చివరికి కెప్టెన్ కోహ్లీ మీడియా ముందు అతని తరఫున మాట్లాడాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆసియా కప్‌లో మన సిక్కు బౌలర్ అర్ష్‌దీప్ చేతిలోంచి ఒక క్యాచ్ జారితే అతన్ని ఖలిస్తానీని చేశారు. అదే టోర్నీ రోజుల్లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒకే ఊళ్ళో ఉండే హిందూ, ముస్లిం కుర్రాళ్ళు వీధుల్లో కొట్లాటకు దిగారు, అది వారాల తరబడి నడిచింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

అందుకే మ్యాచ్‌కి ముందు చేయాల్సిన మొదటి పని, మీ గదిలో ఆ దుత్త ఎవరో చూసుకోవడం. ‘షాహీన్ బౌలింగ్ భలే ఉంది’ అని నోరు జారే క్రికెట్ పిచ్చోడు కావచ్చు, ఛానల్ మార్చమని అడిగే పిల్లాడు కావచ్చు, టీలు పెట్టీ పెట్టీ విసిగిపోయిన ఇంటావిడ కావచ్చు. మీ గ్యాంగ్‌లో ముస్లిం స్నేహితుడు ఉంటే చాలాసార్లు అతనే. ‘ఏరా, నువ్వెటు వైపు?’ అని సరదాకి కూడా అడగొద్దు. అడిగేవాడికి అది జోకు, అతను మాత్రం స్కూలు రోజుల నుంచి ప్రతి మ్యాచ్‌కీ ఆ ప్రశ్న వింటూనే ఉన్నాడు. వేరే ఎవరైనా అడిగితే, నవ్వులు మొదలవకముందే, మ్యాచ్ పెట్టిన మీరే ‘ఆపరా బాబూ, ఆట చూడు’ అని తుంచేయాలి. ఆ భారం అతని మీదకి నెట్టకూడదు. 1999లో కార్గిల్‌లో యుద్ధం జరుగుతుండగానే ప్రపంచ కప్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పాకిస్తాన్‌ని 47 పరుగుల తేడాతో ఓడించిన మన జట్టు కెప్టెన్ ఎవరో తెలుసుగా? మన హైదరాబాదీ అజహరుద్దీన్.

రెండో పని, మీ కోపం దేని మీదో తేల్చుకోవడం. దీనికి కాస్త నిజాయితీ కావాలి. అంపైర్ ఎల్బీడబ్ల్యూ ఇవ్వలేదనా? లేక పహల్గాం మీదా? 2025 ఏప్రిల్‌లో అక్కడ ఉగ్రవాదులు 26 మందిని చంపేశారు, చనిపోయిన, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ కోపం న్యాయమైనది, కానీ దాని లెక్క ఇరవై ఓవర్లలో తేలేది కాదు. ఆ సెప్టెంబరులో ఆసియా కప్‌లో మనవాళ్ళు పాక్ ఆటగాళ్ళతో చేయి కూడా కలపలేదు, అసలు ఆడకుండా ఉండాల్సిందని చాలామంది అన్నారు. మీరూ అలాగే అనుకుంటే టీవీ కట్టేయండి, అది గౌరవంగా ఉంటుంది. ఆడకూడదు అంటూనే చివరి బంతి దాకా చూసి బూతులు తిట్టడం మాత్రం నాకు అర్థం కాదు.

గదిలో ఎవడో ఒకడు ‘ఆటల వల్లే యుద్ధాలొస్తాయి’ అని మొదలుపెట్టి, 1969లో ఎల్ సాల్వడార్, హోండురస్ ఫుట్‌బాల్ కోసం కొట్టుకున్నాయి అంటాడు. జూన్‌లో మ్యాచ్‌లు, జూలై 14న యుద్ధం, అంతవరకు నిజమే. కానీ హోండురస్‌లో భూములు సాగు చేసుకుంటున్న వేల సాల్వడార్ రైతు కుటుంబాల్ని అక్కడి భూ చట్టంతో వెళ్ళగొట్టడం మొదలై అప్పటికే రెండు దేశాలూ ఉడుకుతున్నాయి. మ్యాచ్ ఒక సాకు. మన దగ్గరే చూడండి, 1961 నుంచి 1978 దాకా భారత్, పాక్ ఒక్క టెస్టు కూడా ఆడుకోలేదు, 1965, 1971 యుద్ధాలు రెండూ వచ్చింది ఆ మధ్యలోనే. ఇంకొకడు ‘ఆట ఆడితే శాంతి వస్తుంది’ అంటే అదీ నమ్మొద్దు, 1987లో పాక్ అధ్యక్షుడు జియా ఉల్ హక్ జైపూర్ వచ్చి టెస్టు చూసి వెళ్ళాడు, పన్నెండేళ్ళకి కార్గిల్ వచ్చింది. ఈ చర్చ ఇన్నింగ్స్ మధ్య విరామంలో పెట్టుకోండి, చివరి ఓవర్లలో కాదు.

ఇక మ్యాచ్ నడిచేటప్పుడు. పందేలు వద్దు, వంద రూపాయలవైనా సరే. డబ్బు పెట్టినవాడు తన డబ్బు కోసం అరుస్తూ దేశం కోసం అరుస్తున్నానంటాడు. మందు ఉంటే మ్యాచ్ అయ్యాకే తీయండి. షాట్‌నీ, ఫీల్డింగ్‌నీ, రివ్యూనీ ఎంతైనా తిట్టుకోండి, మతం, పుట్టుక, వాళ్ళ అమ్మా అక్కా జోలికి మాత్రం పోవద్దని ముందే చెప్పేయండి. అరిచేస్తే కోపం దిగిపోతుంది అనుకుంటారు. దిగదు, అరిచేకొద్దీ ఎక్కుతుంది. ఊగిపోతున్న వాడికి ‘కూల్ కూల్’ అని చెప్పకండి, అది పెట్రోలే. సమోసాలు తెమ్మనో, ఐస్ తెమ్మనో పంపండి. నాలుగు బంతులు చూడకపోతే మనిషి మామూలైపోతాడు. వెళ్ళనంటే అతని పక్కన కూర్చుని వాదించకండి, అంతే.

అవతలివాళ్ళు బాగా ఆడినప్పుడు చప్పట్లు కొట్టడం నేర్చుకోవాలి, మొదట్లో చేతులు రావు. 1999 జనవరిలో చెన్నై టెస్టులో సచిన్ నడుం నొప్పితో 136 కొట్టినా మనం 12 పరుగుల తేడాతో ఓడాం. చెపాక్ జనం మొత్తం లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకి చప్పట్లు కొట్టారు, వాళ్ళు మైదానం చుట్టూ పరుగెత్తారు. సరిగ్గా మరుసటి నెలలో కోల్‌కతాలో సచిన్ పాక్ బౌలర్ షోయబ్ అక్తర్‌కి తగిలి రనౌట్ అయ్యాడు, సీసాలు పడ్డాయి, పోలీసులు జనాన్ని బయటికి పంపేసి దాదాపు ఖాళీ స్టేడియంలో ఆట ముగించారు. జట్లు అవే, ఏడాదీ అదే. 2023లో మన ఉప్పల్‌లో పాకిస్తాన్ శ్రీలంక మీద 345 ఛేదిస్తుంటే స్టాండ్స్ నుంచి వాళ్ళకి అరుపులూ చప్పట్లూ వినిపించాయి, కొంపేం మునగలేదు.

ఓడితే సరే, గెలిచినప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. 2025 ఆసియా కప్ ఫైనల్లో తిలక్ వర్మ 69 నాటౌట్‌తో గెలిపించిన రాత్రి ఎగరాలనిపించదా? ఎగరండి, టపాసులు కాల్చుకోండి. బైకులు మాత్రం ఒకరి గల్లీలోకి, ఒకరి మసీదు ముందుకి పోనివ్వకండి. మీ గ్యాంగ్‌లో ఎవడైనా ‘ఒక్క రౌండ్ వేసొద్దాం’ అంటే బండి తాళం తీసి జేబులో పెట్టుకోండి.

పిల్లలుంటే ‘ఆ దొంగలు’ లాంటి మాటలు వద్దు, పాక్ బ్యాటర్ బాబర్‌ని బాబర్ అనండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ జావెలిన్‌ని 92.97 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు, మన నీరజ్‌కి రజతం. బంగారం గెలిచిన అబ్బాయీ మా బిడ్డే అని నీరజ్ వాళ్ళమ్మ అన్నారు. పిల్లలకి ఇది చెప్పండి, చాలు.

వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ మీరే అయితే ఆఖరి ఐదు ఓవర్లకి ముందు ‘అడ్మిన్లు మాత్రమే’ పెట్టేసి పొద్దున తీయండి, రాత్రికి రాత్రే నలుగురు మిమ్మల్ని తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. ఈలోపే ఎవరిమీదైనా ఏదైనా పంపేసి ఉంటే పొద్దున లేవగానే ‘అందరికీ డిలీట్’ కొట్టండి, రెండు మూడు రోజులు దాటితే ఆ అవకాశం ఉండదు. డిలీట్ చేసి ఊరుకోకుండా, ఎవరిని అన్నారో వాళ్ళకి ఫోన్ చేయండి, మెసేజ్ కాదు.