గేమింగ్ కీబోర్డు తేడా చేస్తోందా? వారంటీకి పంపే ముందు ఇవి చూడండి

నా దగ్గరికి రిపేరుకు వచ్చే ఖరీదైన గేమింగ్ కీబోర్డుల్లో నిజంగా పాడైనవి తక్కువ. ఏ ఫీచర్ కోసం అదనంగా డబ్బు పెట్టారో, చాలావాటిలో ఆ ఫీచరే తెలియకుండా ఆన్ అయి ఉంటుంది. అందుకే "ఇంత పెట్టి కొనొచ్చా?" అని అడిగేవాళ్లకు జవాబు కూడా ఈ రిపేర్లలోనే దొరుకుతుంది. కీక్యాప్ ఊడదీయడం, కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం లాంటివి మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

ముందు ఒక్క పని చేయండి. హబ్ వద్దు, ఎక్స్‌టెన్షన్ కేబుల్ వద్దు, మానిటర్‌కి ఉన్న పోర్టు వద్దు. సీపీయూ వెనక మదర్‌బోర్డుకు ఉన్న పోర్టులో నేరుగా పెట్టండి. కేబుల్ ఊడివచ్చే మోడల్ అయితే ఇంకో కేబుల్‌తో కూడా చూడండి. కొన్ని చార్జింగ్ కేబుళ్లలో అసలు డేటా పోదు. ఇంత చిన్న పని చేయకుండానే కీబోర్డు ప్యాక్ చేసి కొరియర్‌లో పంపేవాళ్లను చూస్తూనే ఉన్నాను. దయచేసి దీన్ని దాటేయకండి.

లక్షణం: విండోస్ కీ పనిచేయడం లేదు, టైపింగ్ తెలుగులోకి మారడం లేదు

గేమ్ మధ్యలో పొరపాటున స్టార్ట్ మెనూ రాకుండా ఉండేందుకు గేమింగ్ కీబోర్డులో విండోస్ కీని లాక్ చేసే సదుపాయం ఉంటుంది. చాలా మోడళ్లలో ఎఫ్‌ఎన్, విండోస్ కీ కలిపి నొక్కితే లాక్ పడుతుంది, మళ్లీ నొక్కితే పోతుంది. లాక్ పడి ఉంటే, విండోస్ కీతో స్పేస్ నొక్కి ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారే షార్ట్‌కట్ కూడా ఆగిపోతుంది. జనం తెలుగు ఫాంట్లను, భాషా ప్యాక్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తూ కూర్చుంటారు. ఎఫ్‌ఎన్‌తో విండోస్ కీ నొక్కి చూడండి, అక్కడితో అయిపోవచ్చు.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఒకటుంది. గేమ్‌లో ఆల్ట్, షిఫ్ట్ కలిసి పడి భాష తెలుగుకు మారిపోతుంది. చాట్‌లో తెలుగు అక్షరాలు వస్తాయి, కొన్ని గేముల్లో కదలికే ఆగిపోతుంది. అది కీబోర్డు తప్పు కాదు. విండోస్ సెట్టింగుల్లో ఆ షార్ట్‌కట్ తీసేయండి.

లక్షణం: ఒక అక్షరం నొక్కితే రెండు పడుతున్నాయి

ఒకటి రెండు కీలకే ఇలా అవుతుంటే స్విచ్ కారణం. మెకానికల్ స్విచ్‌లో రెండు లోహపు రేకులు తగిలినప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు తగిలి విడిపోతూ అదురుతాయి. ఈ అదురును రెండో నొక్కుడుగా లెక్కపెట్టకుండా కీబోర్డు కాసేపు ఆగుతుంది. ఆ ఆగడాన్నే డీబౌన్స్ అంటారు. చాలా బోర్డుల్లో అది 5 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. గేమింగ్ కోసం వేగం పెంచామని చెప్పే మోడళ్లలో ఈ సమయాన్నే కోసేస్తారు. స్విచ్ కొత్తగా ఉన్నంతకాలం బాగానే నడుస్తుంది. దుమ్ము చేరి రేకులు అరిగాక అక్షరాలు రెండేసి పడతాయి.

సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ సెట్టింగు ఉంటే పెంచండి. కీక్యాప్ తీసి బ్లోయర్‌తో గాలి కొట్టండి. స్విచ్ ఊడదీసి మార్చగలిగే హాట్‌స్వాప్ బోర్డు అయితే, ఎప్పుడూ వాడని కీ కింది స్విచ్‌ను దీని స్థానంలో పెట్టి చూడండి. పెట్టేటప్పుడు పిన్నులు వంగకుండా నిటారుగా దించండి. వంగిన పిన్నుతో కొత్త స్విచ్ కూడా పాడైనట్టే కనిపిస్తుంది.

లక్షణం: నొక్కని అక్షరాలు పడుతున్నాయి, ఒకటి నొక్కితే ఇంకొకటి వస్తోంది, వేరే కంప్యూటర్‌లోనూ అంతే

నా సమయాన్ని అన్నిటికంటే ఎక్కువ తిన్న సమస్య ఇది. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మామూలు కీబోర్డు విషయంలో మనందరికీ తెలిసిన పరీక్ష ఒకటుంది. ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూస్తాం. అక్కడ బాగా పనిచేస్తే మన కంప్యూటర్‌లో లోపం, అక్కడా అదే తప్పు చేస్తే కీబోర్డులో లోపం. గేమింగ్ కీబోర్డు దగ్గర ఈ పరీక్ష తప్పుడు జవాబు ఇస్తుంది. ఎందుకంటే దాని లోపల సొంత మెమరీ ఉంటుంది. ప్రొఫైళ్లు (ఒక్కో పనికి విడిగా దాచుకున్న సెట్టింగులు), మాక్రోలు (ఒక్క కీ నొక్కితే వరసగా పడేలా దాచుకున్న నొక్కుళ్లు), మార్చుకున్న కీలు, కీని ఎంత లోతు నొక్కితే పట్టాలన్న లెక్క, ఇవన్నీ అందులోనే కూర్చుంటాయి. మీరు బోర్డును ఎక్కడికి తీసుకెళ్తే అవీ అక్కడికి వస్తాయి. విండోస్ కొత్తగా వేసినా పోవు, కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసినా పోవు. రెండు కంప్యూటర్లలో చూశాను కాబట్టి హార్డ్‌వేరే పోయిందని ఎవరైనా ఖాయంగా చెబితే నాకు ముందు ఈ మెమరీ మీదే అనుమానం వస్తుంది.

డబ్ల్యూ నొక్కితే కర్సర్ పైకి, ఎస్ నొక్కితే కిందికి పోతుంటే మరీ తేలిక. చాలా మోడళ్లలో ఎఫ్‌ఎన్‌తో డబ్ల్యూ నొక్కితే డబ్ల్యూ, ఏ, ఎస్, డి కీలు బాణం కీలతో స్థానాలు మార్చుకుంటాయి. మళ్లీ అదే నొక్కితే సర్దుకుంటుంది. ఒక్క కీ నొక్కితే నాలుగైదు అక్షరాలు వరసగా పడుతుంటే మాక్రో రికార్డు అయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తెరవకుండా కీబోర్డు మీదే మాక్రో రికార్డు చేసే సదుపాయం ఉన్న బోర్డుల్లో చెయ్యి తగిలి ఇది జరుగుతుంది. ఇంట్లో తమ్ముడో స్నేహితుడో గేమ్ ఆడి ప్రొఫైల్ మార్చి వదిలేసినా ఇంతే.

అసలు పట్టుబడనిది మూడోది. ఈ మధ్య ఖరీదైన బోర్డుల్లో లోహపు రేకుల బదులు అయస్కాంతం, అది ఎంత దగ్గరికి వచ్చిందో కొలిచే హాల్ సెన్సర్ వస్తున్నాయి. కీ ఎంత లోతు దిగితే పట్టాలో మనమే పెట్టుకోవచ్చు. చెర్రీ ఎంఎక్స్ రెడ్ లాంటి మామూలు స్విచ్ 2 మిల్లీమీటర్లు దిగాక పడుతుంది. వూటింగ్ 60హెచ్ఈ లాంటి బోర్డులో 0.1 మిల్లీమీటరుకే పట్టేలా పెట్టుకోవచ్చు. ర్యాపిడ్ ట్రిగ్గర్ అనే ఫీచర్ కూడా ఉంటుంది. కీ కొంచెం పైకి లేస్తే వదిలినట్టు, కొంచెం దిగితే మళ్లీ నొక్కినట్టు లెక్క. గేమ్‌లో ఇది నిజంగా పనికొస్తుంది. కానీ టైప్ చేసేటప్పుడు మన వేళ్లు కీల మీద ఆని ఉంటాయి. 0.1 మిల్లీమీటరు అంటే వేలు బరువు చాలు. స్పేస్ బార్ మీద బొటనవేలు ఆనితే ఖాళీలు పడుతూ పోతాయి. గేమ్ ఆడుతున్నంతసేపూ బాగుండి, మెయిల్ రాసేటప్పుడే పిచ్చి పిచ్చిగా పడుతోందంటే నూటికి తొంభై పాళ్లు ఇదే.

ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సాఫ్ట్‌వేర్‌లోది కాదు, బోర్డు మీదిది. ఒక్కో కంపెనీకి ఒక్కో పద్ధతి. కోర్సెయిర్‌లో చాలా మోడళ్లకు కేబుల్ తీసి, ఎస్కేప్ కీ నొక్కి పట్టుకుని కేబుల్ పెట్టాలి. కీక్రాన్‌లో ఎఫ్‌ఎన్, జె, జడ్ కలిపి 4 సెకన్లు పట్టుకోవాలి. మీ మాన్యువల్‌లో మీది ఉంటుంది. పనికొచ్చే ప్రొఫైళ్లు ఉంటే ముందే ఫైలుగా దాచుకోండి, రీసెట్‌తో అన్నీ పోతాయి. తర్వాత సాఫ్ట్‌వేర్ పూర్తిగా మూసేసి, ఖాళీ నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి చూడండి. తప్పు పోయిందా, మీ బోర్డుకు ఏమీ కాలేదు. సాఫ్ట్‌వేర్ తెరవగానే మళ్లీ వచ్చిందంటే అదే పాత ప్రొఫైల్‌ను తిరిగి ఎక్కిస్తోంది, అక్కడ తీసేయండి.

హాల్ బోర్డులో స్విచ్‌ గానీ కీక్యాప్‌లు గానీ మార్చాక క్యాలిబ్రేషన్ (కీ పైన ఎక్కడుంటుందో, కింద ఎక్కడిదాకా దిగుతుందో బోర్డుకు చూపించడం) మళ్లీ చేయాలి. కీల మీద చెయ్యి పెట్టకుండా మొదలుపెట్టండి. అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్‌ను బోర్డు మీద పెట్టొద్దు. టైపింగ్‌కు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లతో విడిగా ఒక ప్రొఫైల్ చేసుకోండి. తక్కువ దూరం కావాలంటే గేమ్ ప్రొఫైల్‌లో కదలిక కీలకు మాత్రమే పెట్టండి.

లక్షణం: లైట్లు మిణుకుమంటూ కీబోర్డు పోయి వస్తోంది

పవర్ చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. సొంత అడాప్టర్ లేని హబ్‌లో ఒక్కో పోర్టు వాటా 100 మాత్రమే. ఆర్‌జీబీ లైట్లన్నీ పూర్తి తెలుపులో వెలిగిస్తే అది సరిపోదు. మొదట చెప్పిన వెనక పోర్టు ఇందుకే. దానితో పోకపోతే వెలుగు తగ్గించి, పోలింగ్ రేటును, అంటే కీబోర్డు సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కి సమాచారం పంపుతుందన్న లెక్కను, 8000 హెర్ట్జ్ నుంచి 1000కి దించండి.

లక్షణం: అంత పెట్టి కొన్నా ఆటలో తేడా తెలియడం లేదు

8000 హెర్ట్జ్ అంటే 0.125 మిల్లీసెకనుకు ఒకసారి సమాచారం పంపుతుంది, 1000 హెర్ట్జ్ అంటే 1 మిల్లీసెకనుకు ఒకసారి. మీ మానిటర్ 144 హెర్ట్జ్‌ది అయితే ఒక్కో ఫ్రేమ్‌కే దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. మిల్లీసెకను కంటే తక్కువైన ఆ మిగులు చేతికి తెలియదు. దాని కోసం డబ్బు పెట్టొద్దని నా గట్టి సలహా. ప్రత్యేక మాక్రో కీలు, చిన్న తెర, లైట్ల హంగులు కూడా అంతే.

ర్యాపిడ్ ట్రిగ్గర్ మాత్రం వేరు. కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్ లాంటి షూటింగ్ గేముల్లో ఆగి కాల్చాల్సి వస్తుంది, అక్కడ కీ వెంటనే వదిలినట్టు పడటం పనికొస్తుంది. ఇవి రోజూ ఆడేవాళ్లయితే కొనండి. స్టోరీ గేములు, క్రికెట్ గేములు, ఆఫీసు పనికైతే రెండు మూడు వేలలో వచ్చే హాట్‌స్వాప్ మెకానికల్ బోర్డు చాలు, స్విచ్ పోతే మీరే మార్చుకుంటారు.

గేమ్ నుంచి బయటికి తోసేస్తోందని వచ్చేవాళ్లకు ఒక మాట. కీబోర్డు కంపెనీ రేజర్ 2024లో తెచ్చిన స్నాప్ ట్యాప్ అనే ఫీచర్ ఏ, డి రెండూ నొక్కి ఉంటే చివర నొక్కినదాన్నే లెక్కపెడుతుంది. కౌంటర్-స్ట్రైక్ తయారుచేసే వాల్వ్ అదే ఏడాది ఆగస్టులో తన అధికారిక కౌంటర్-స్ట్రైక్ 2 సర్వర్లలో ఇలాంటివాటిని నిషేధించింది. ఆఫ్ చేసి ఆడండి. వేరే కంపెనీల బోర్డుల్లో ఇదే ఫీచర్ ఇంకో పేరుతో ఉంటుంది, అదీ చూసుకోండి.

ఇక అరుదైనవి

బయోస్‌లో (విండోస్ మొదలుకాక ముందు వచ్చే సెట్టింగుల తెరలో) కీబోర్డు పట్టకపోతే ఎన్‌-కీ రోల్‌ఓవర్ (ఒకేసారి ఎన్ని కీలు నొక్కినా అన్నిటినీ పట్టే మోడ్) ఆఫ్ చేసి 6 కీల మోడ్‌లో పెట్టండి. వేగంగా కొట్టిన అక్షరాలు మింగేస్తుంటే విండోస్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ అయి ఉందేమో చూడండి, కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టుకుంటే అది ఆన్ అవుతుంది. ఒక వరస కీలన్నీ ఒకేసారి చచ్చిపోతే సర్క్యూట్ బోర్డే పోయింది, వారంటీకి పంపండి. టీ ఒలికితే వెంటనే కేబుల్ పీకి బోర్లించండి. చక్కెర స్విచ్‌లోకి దిగి అతుక్కుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి చూసి, వదలకపోతే ఆ స్విచ్‌లు మార్చేయండి.