నలుగురు హెన్రీల మధ్య ఆగ్నెస్‌ను వెతికి పట్టుకోవడం ఎలా?

మధ్యయుగపు జర్మనీ వంశవృక్షాన్ని మొదటిసారి చదవబోయి సగంలోనే మూసేశాను. తాత హెన్రీ, తండ్రి హెన్రీ, తమ్ముడు హెన్రీ. చాలదన్నట్టు కొడుకుల్లో ఒకడు హెన్రీ. భర్త ఫ్రెడరిక్, కొడుకు ఫ్రెడరిక్, మనవడూ ఫ్రెడరిక్కే! వీళ్లందరి నడుమ జర్మనీ రాజు కూతురు వైబ్లింగెన్ ఆగ్నెస్ ఒక సన్నని గీత.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. పాత క్యాలెండరు వెనకవైపు మధ్యలో ఆగ్నెస్ పేరు పెద్దగా రాయండి. రాజుల వరస సంఖ్యలు వదిలేసి, మగవాళ్లకు ఆమె వైపునుంచి వరసలు పెట్టండి: నాన్న, తమ్ముడు, మొదటి భర్త. సగం తికమక అక్కడే తీరుతుంది.

తర్వాత ప్రతి పెళ్లి పక్కన, ఆ ఏడాది ఎవరికి ఎవరి అవసరం పడిందో రాయండి. అసలు పని ఇదే, తొందరపడకండి. 1077 జనవరిలో నాన్న, జర్మనీ రాజు నాలుగో హెన్రీ ఇటలీలోని కనోస్సాలో పోప్ ముందు క్షమాపణ వేడుకున్నాడు. మార్చిలో తిరుగుబాటుదారులు దక్షిణ జర్మనీలోని స్వేబియా ప్రాంతపు పాలకుడు (డ్యూక్) రుడాల్ఫ్‌ను అతనికి పోటీగా రాజుగా ఎన్నుకున్నారు. స్వేబియాలో తనవాడు కావాలి కనుక 1079లో హెన్రీ ఆ పదవినీ, ఆరేడేళ్ల కూతురినీ కలిపి ఫ్రెడరిక్‌కు ఇచ్చాడు. కట్నంగా ఒక డచీ, అంటే డ్యూక్ ఏలే ప్రాంతం! అదీ తగవులో ఉన్న డచీ. దానికోసం అల్లుడు 1098 దాకా పోరాడవలసి వచ్చింది.

1105లో ఫ్రెడరిక్ పోయాడు. అప్పటికే ఆగ్నెస్ తమ్ముడు హెన్రీ తండ్రి మీద తిరగబడ్డాడు. రెగెన్ నది దగ్గర ఇరుసేనలు ఎదురుపడినప్పుడు ఆస్ట్రియా పాలకుడు లియోపోల్డ్ తండ్రి పక్షం వదిలి తమ్ముడి వైపు చేరాడు. 1106లో ఆగ్నెస్ అతని భార్య అయింది. ఈ రెండు సంగతులనూ బాణం గుర్తుతో కలపండి.

పిల్లల వరసకు వేరే రంగు వాడండి. మొదటి పెళ్లి కొడుకు కాన్రాడ్ 1138లో రాజయ్యాడు. మనవడు ఫ్రెడరిక్ బార్బరోసా 1152లో. రెండో పెళ్లి కొడుకు ఆటో, ఫ్రైజింగ్ పట్టణపు బిషప్, చరిత్రకారుడు. ఈ కుటుంబం గురించి అతను రాసింది చదివేటప్పుడు, రాస్తున్నది ఇంటి మనిషేనని గుర్తుంచుకోండి.

గాలికి ఎగిరిపోయిన ఆగ్నెస్ మేలిముసుగు ఏళ్ల తర్వాత పొదలో దొరికితే, అక్కడే లియోపోల్డ్ క్లోస్టర్‌నాయిబుర్గ్ మఠం కట్టించాడని ఒక కథ ఉంది. మఠం 1114 నాటిది, కథ చాలా తర్వాతిది. నాకు ఇష్టమైన కథే అయినా పెన్సిలుతోనే రాస్తాను.