పేరు దాచిన హోటల్ గది, 3వ భాగం: ఎప్పుడు నొక్కాలి

హోటల్ పేరు దాచి సైట్లు తక్కువ ధరకి అమ్మే గదుల గురించి ఈ వరస. మొదటి భాగంలో ఏరియాలూ స్టార్లూ ఎలా చదవాలో చూశాం, రెండో భాగంలో రేటింగునీ సౌకర్యాలనీ పట్టుకుని హోటల్ పేరు ఊహించడం నేర్చుకున్నాం. ఇవాళ ఒక్కటే విషయం, డబ్బు ఎప్పుడు పెట్టాలి. ఇది అడిగినవాళ్ళంతా నా దగ్గర ఒక అంకె ఆశిస్తారు, పది రోజుల ముందా, మూడు రోజుల ముందా అని. ఆ ఊళ్ళో ఆ రాత్రి గదులు మిగులుతాయా లేదా తెలియకుండా ఏ అంకె చెప్పినా అది గాల్లో దీపమే.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. అమెరికాలో ప్రైస్‌లైన్ అనే ట్రావెల్ సైట్ 1998లో మీ ధర మీరే చెప్పండి అనే పద్ధతితో వచ్చింది. హోటలైతే ఊరు, ఏరియా, స్టార్లు ఎంచుకుని, రాత్రికి ఇంత ఇస్తానని కార్డు నంబరుతో సహా బిడ్ వేయాలి. హోటల్ ఒప్పుకుంటే అప్పటికప్పుడే డబ్బు పడిపోయేది, పేరు ఆ తర్వాతే కనిపించేది. ఒప్పుకోకపోతే ఒక రోజు ఆగాలి, లేదంటే ఇంకో ఏరియా కలిపో స్టార్లు మార్చో మళ్ళీ అడగాలి. ఆ పద్ధతి ఇప్పుడు లేదు. ధర వాళ్ళే చూపించి పేరు మాత్రం దాచే డీల్స్ మిగిలాయి, ప్రైస్‌లైన్‌లో ఎక్స్‌ప్రెస్ డీల్స్, అలాంటిదే మరో సైట్ హాట్‌వైర్‌లో హాట్ రేట్స్. నేను వీటిని కూడా బిడ్ అనే అంటాను, ఎందుకంటే ఒకసారి నొక్కితే డబ్బు వెనక్కి రాకపోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

హోటల్‌వాళ్ళు పేరు ఎందుకు దాస్తారో అర్థమైతే ఎప్పుడు నొక్కాలో సగం తెలిసినట్టే. సంతలో చీకటి పడే వేళకి మిగిలిన తోటకూరని ఎంతొస్తే అంతకి ఇచ్చేస్తారు కదా, ఇవాళ రాత్రి ఖాళీగా ఉన్న గది కూడా అంతే, రేపటికి దాన్ని దాచుకోలేరు. కాకపోతే తోటకూర అమ్మే ఆవిడలా పైకి అరిచి చెప్పలేరు. అదే హోటల్లో పూర్తి ధర కట్టిన వంద మంది ఆ తక్కువ ధర చూస్తే ఊరుకోరు, వచ్చే నెల వాళ్ళెవరూ పూర్తి ధర కట్టరు. అందుకే పేరు చెప్పకుండా పక్క గుమ్మంలోంచి అమ్ముతారు. గదులు మిగలవని తెలిస్తే ఆ గుమ్మం తెరవనే తెరవరు. కాబట్టి డీల్ పేజీ తెరవడానికి ముందు చూడాల్సింది ఆ ఊరి క్యాలెండర్.

చికాగోని దగ్గరగా చూద్దాం. అక్కడ ఏటా థ్యాంక్స్‌గివింగ్ పండగ తర్వాత వచ్చే ఆదివారం నుంచి మెక్‌కార్మిక్ ప్లేస్ అనే కన్వెన్షన్ సెంటర్లో రేడియాలజిస్టుల పెద్ద సమావేశం మొదలవుతుంది, ఆర్‌ఎస్‌ఎన్‌ఏ అంటారు. 2025లో థ్యాంక్స్‌గివింగ్ నవంబర్ 27 గురువారం వచ్చింది, సమావేశం 30 నుంచి డిసెంబర్ 4 దాకా జరిగింది. పండగ వారంలో బుధ, గురు, శుక్రవారాల్లో డౌన్‌టౌన్ ఆఫీసులకి పనిమీద వచ్చేవాళ్ళు ఉండరు, అందరూ ఇళ్ళకి వెళ్ళిపోతారు, పెద్ద పెద్ద నాలుగు స్టార్ల హోటళ్ళలో అంతస్తులకి అంతస్తులు ఖాళీ. శనివారం సాయంత్రం నుంచి డాక్టర్లు దిగడం మొదలైతే అవే గదుల ధర కొండెక్కుతుంది. ఒకే ఊరు, ఒకే వారం, ఒకే హోటల్. బుధవారం నుంచి శనివారం పొద్దుటిదాకా ఉండేవాడు నిదానంగా చివరిదాకా ఆగి బిడ్ వేయొచ్చు, ఆదివారం రాత్రి కూడా ఉండాల్సినవాడు నెలల ముందే మామూలుగా బుక్ చేసుకోవాలి. ఈ ఇద్దరికీ కలిపి "పది రోజుల ముందు" అని ఏం చెప్తాం?

మిగతా ఊళ్ళకీ ఇలాంటి లెక్కలే. న్యూయార్క్‌లో న్యూ ఇయర్ జనం ఖాళీ చేశాక జనవరి, ఫిబ్రవరి బిడ్డింగ్‌కి బంగారం లాంటి నెలలు, సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి సమావేశాలప్పుడు మన్‌హాటన్ వైపు చూడొద్దు. లాస్ వేగస్‌లో ఆదివారం నుంచి గురువారం దాకా చవక, శుక్ర శనివారాలు ఖరీదు, జనవరి మొదట్లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ షో ఉంటే వారం మధ్యలో కూడా మంట. డౌన్‌టౌన్ ఆఫీసు హోటళ్ళు దీనికి తిరగబడి ఉంటాయి, సోమ, మంగళ, బుధ నిండుగా ఉండి శుక్రవారానికి ఖాళీ అవుతాయి.

అమెరికాలో మన తెలుగు సంఘాల మహాసభలకి వెళ్ళేవాళ్ళకి ఇంకో కిటుకు. తానా అయినా ఆటా అయినా, అంత పెద్ద సభలకి నిర్వాహకులు ముందే హోటళ్ళలో కొన్ని వందల గదులు పట్టి ఉంచుతారు. ఆ పట్టుకి ఒక ఆఖరు తేదీ ఉంటుంది, మామూలుగా సభలకి మూడు నాలుగు వారాల ముందు. ఆ తేదీ దాటితే, ఎవరూ తీసుకోని గదులు మళ్ళీ హోటల్ చేతికి వస్తాయి. ఆ మర్నాడు తప్పకుండా ఒకసారి చూడండి. గదులన్నీ అయిపోయాయంటే ఏమీ కనిపించదు, మిగిలాయంటే మాత్రం ఆ వారంలోనే తెలిసిపోతుంది.

ఇక అసలు పద్ధతి. చేతిలో గది లేకుండా బిడ్ వేయొద్దు. ముందు పేరు తెలిసిన హోటల్లో, ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే రేటుకి ఒక గది తీసుకోండి. అది దొరికాక టెన్షన్ ఉండదు, టెన్షన్ లేనివాడే బేరం బాగా ఆడతాడు.

మీరు శుక్రవారం చెకిన్ అవ్వాలి, బుధవారం సాయంత్రం 6 గంటల దాకా ఉచితంగా క్యాన్సిల్ చేయొచ్చు అనుకుందాం. రెండు రాత్రులకి పన్నులతో కలిపి 360 డాలర్లు. ఇప్పుడు ఒక కాగితం తీసుకుని మీ ధర రాయండి, డీల్ పేజీ తెరవకముందే రాయాలి. నేనైతే కనీసం నాలుగో వంతు తగ్గాలంటాను, అంటే 270. వెనక్కి రాని డబ్బు పెడుతున్నందుకు, ఏ హోటల్ వస్తుందో తెలియనందుకు, హోటల్ పాయింట్లు సాధారణంగా పోతున్నందుకు ఆ మాత్రం తగ్గకపోతే ఎందుకు? పాత బిడ్డింగ్‌లో ఇది తప్పనిసరి, ధర మనమే చెప్పాలి కాబట్టి. ఇప్పుడు వాళ్ళే ధర చూపించి పక్కన ఇంత శాతం తగ్గింపని ఎర్రక్షరాల్లో పెట్టేసరికి మనకంటూ ఒక ధర ఉందని మర్చిపోతున్నాం.

తర్వాత మూడుసార్లు చూడండి. గది తీసుకున్న రోజు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువుకి ముందు రాత్రి, అంటే మంగళవారం రాత్రి, ఒకసారి. మూడోది ముఖ్యం. మీలాగే ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే గది పట్టుకుని కూర్చున్న మిగతావాళ్ళు కూడా ఆ గడువులోపే వదిలేస్తారు, అందుకని గదులు ఆ ఒకటి రెండు రోజుల్లోనే బయటపడతాయి. బుధవారం మధ్యాహ్నం ఇంకోసారి చూడొచ్చు, కానీ గడువు హోటల్ ఉన్న ఊరి టైము ప్రకారం. కాలిఫోర్నియాలో కూర్చుని న్యూయార్క్ గది క్యాన్సిల్ చేస్తుంటే అక్కడి 6 గంటలు మీకు మధ్యాహ్నం 3. మీ ధరకి వచ్చిందా, కొనండి. కన్ఫర్మేషన్ మెయిల్ చేతికొచ్చాకే పాతది క్యాన్సిల్ చేయండి, ఆ క్యాన్సిలేషన్ నంబరు దాచుకోండి. మీ ధరకి రాలేదా, ఉన్న గదికే వెళ్ళండి. 345కి వచ్చిందని 15 డాలర్ల కోసం నొక్కొద్దు.

పోల్చేటప్పుడు చివరి మొత్తంతో చివరి మొత్తం పోల్చండి. న్యూయార్క్ నగరంలో గది మీద పన్నులే 14.75 శాతం, ఆపైన రాత్రికి మూడున్నర డాలర్లు. రిసార్ట్ ఫీజు లాంటి తప్పనిసరి ఫీజుల్ని కలిపి మొత్తం ధర ముందే చూపించాలని 2025 మే 12 నుంచి ఫెడరల్ నిబంధన అమల్లోకి వచ్చింది, అది మంచిదే అయింది. పన్నులు, పార్కింగ్ మాత్రం విడిగా చూసుకోవాల్సిందే. కారుతో వెళ్తే డౌన్‌టౌన్ నాలుగు స్టార్ల గదికి పార్కింగే రాత్రికి 50 డాలర్లు దాటొచ్చు, బ్రేక్‌ఫాస్ట్ ఉండదు. ఊరి బయట రెండున్నర స్టార్లలో రెండూ తరచుగా ఉచితం. రైస్ కుక్కరు, ఆవకాయ పట్టుకుని బయల్దేరే కుటుంబానికి ఏది లాభమో స్టార్లు చూస్తే తెలియదు, కూడితే తెలుస్తుంది.

ఇప్పుడు నేను ఎప్పుడు నొక్కకూడదో నేర్చుకున్న రోజు. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చిన వేసవిలో నయాగరా వెళ్ళాం, నలుగురం. జులై 4 వారాంతం. పేరు దాచిన డీల్‌లో 38 డాలర్లు తగ్గిందని ఒక సైట్‌లో నొక్కేశాను. ఇలాంటి డీల్స్‌లో గది ఇద్దరికి సరిపోతుందనే హామీ ఇస్తారు, ఎన్ని మంచాలో చెప్పరు, ఆ వాక్యం నేను చదవలేదు. రాత్రి పదకొండింటికి చేరితే ఒకటే పెద్ద మంచం. హోటల్ నిండిపోయింది, మార్చడానికి గది లేదు. అమ్మా, నా భార్యా మంచం మీద, నేను కింద. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, కింద పడుకుంటే లేవలేరు, కిటికీ పక్కన కుర్చీలో కూర్చునే తెల్లవార్చారు. "ఒక్క రాత్రే కదరా" అన్నారు. ఆ 38 డాలర్లు ఇప్పటికీ నాకు గుర్తే.

అందుకే పెద్దవాళ్ళు ఉన్నా, ఇద్దరికి మించి ఉన్నా, రెండు మంచాలు కావాలన్నా, అర్ధరాత్రి చేరేలా ఉన్నా, ప్రయాణం వాయిదా పడే అవకాశం ఏ కొంచెం ఉన్నా బిడ్ వేయొద్దు. ఒంట్లో బాగాలేదన్నా డబ్బు వెనక్కి రావడం కష్టం. ఇద్దరే వెళ్తున్నారు, తేదీలు ఖాయం, ఏ మంచమైనా ఫర్వాలేదు, ఊళ్ళో గదులు మిగిలే రోజులు అనుకుంటే ఈ పద్ధతి మీకోసమే.

ఈసారి అభ్యాసం. మీరు నిజంగా వెళ్ళబోయే ఒక ఊరు తీసుకోండి. ఆ ఊరి కన్వెన్షన్ సెంటర్ సైట్‌లో ఆ వారం ఏముందో చూసి రాసుకోండి. మూడు స్టార్ల గదికి మీ ధర కాగితం మీద రాయండి. ఆ తర్వాత ఏడు రోజులు రోజూ రాత్రి ఒకే టైముకి, పేరున్న గది చివరి మొత్తం ఒక పక్క, పేరు దాచిన గది చివరి మొత్తం ఇంకో పక్క రాస్తూ పోండి. ఏమీ కొనొద్దు. నాలుగో భాగం ఆ కాగితంతోనే మొదలవుతుంది.