బడి తెరవకముందే గేటు బయట నిలబడి ఓసారి చూడండి

సెలవులు అయిపోవస్తున్నాయంటే పుస్తకాలు, యూనిఫాం, బూట్లు అన్నీ గుర్తొస్తాయి గానీ రోడ్డు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. హైస్కూల్లో చాలా ఏళ్లు గేటు డ్యూటీ చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఏడాది మొత్తం మీద నాకు టెన్షన్ పెట్టేది బడి తెరిచిన మొదటి రెండు వారాలే. అందులోనూ పొద్దున బెల్లుకు ముందు ఓ పావుగంట, సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక ఇంకో పావుగంట. పిల్లలకి రోడ్డు అలవాటు తప్పి ఉంటుంది, కొత్తగా చేరినవాళ్లకి దారి తెలీదు, ఎవడో ఒకడికి సెలవుల్లో కొత్త సైకిలు వచ్చి ఉంటుంది, వాడు దాన్ని అందరికీ చూపించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువాళ్ల చావులకు మొదటి కారణం ఏ జబ్బూ కాదు, రోడ్డు ప్రమాదాలే. 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 11 లక్షల 90 వేల మంది ఇలా పోయారు, వాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు. మన పిల్లలు బడికి వచ్చేదీ ఎక్కువగా అలాగేగా.

ముందు పెద్దవాళ్ల సంగతి చూద్దాం, ఎందుకంటే గేటు దగ్గర ప్రమాదం తెచ్చిపెట్టేది చాలావరకు మనమే. "ఒక్క నిమిషమే కదా మాస్టారూ" అంటూ జీబ్రా గీతల మీదే కారు ఆపేస్తారు. దాని వెనక ఇంకో బండి, దాని పక్కన ఇంకోటి. ఇక ఆ సందుల్లోంచి పిల్లలు తలకాయ బయట పెట్టి చూడాలి, వచ్చేవాడికి వీళ్లు కనపడరు, వీళ్లకి వచ్చేవాడు కనపడడు. అంతకంటే ప్రమాదం ఏంటంటే, గేటుకి ఎదురుగా రోడ్డుకి అవతల ఆపి "రారా తొందరగా!" అని చెయ్యూపి పిలవడం. అమ్మో నాన్నో పిలిచాక ఏ పిల్లాడైనా చూసేది వాళ్ల మొహం వైపే, రోడ్డు వైపు కాదు.

ఈ మాట నేను వాళ్లను తప్పు పడుతూ చెప్పట్లేదు, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను. ఓ సాయంత్రం ఎనిమిదో తరగతి కుర్రాడొకడు చూసుకోకుండా రోడ్డు దాటబోతుంటే గట్టిగా విజిల్ ఊదాను. వాడు ఠక్కున ఆగాడు, సరిగ్గా రోడ్డు మధ్యలో, తల తిప్పి నా వైపు చూస్తూ. వ్యాను బ్రేకు కీచుమన్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. వాడి బ్యాగుకీ వ్యాను బంపరుకీ మధ్య జానెడు సందు. ఆ రోజు నుంచీ రోడ్డు మీదున్న పిల్లాణ్ణి పిలవడం, అరవడం, విజిల్ ఊదడం మానేశాను. విజిల్ ఊదేదేమైనా ఉంటే పిల్లలు ఇంకా గేటు లోపల ఉన్నప్పుడే.

అందుకని తల్లిదండ్రులతో మొదటి మీటింగులో అడగాల్సింది ఒక్కటే: గేటు ఉన్న పక్కనే ఆపండి, లేదా ఓ రెండొందల మీటర్ల దూరంలో బండి పెట్టి నడిచి రండి. అవతలి పక్క ఆపక తప్పదంటే మీరే దాటి వచ్చి పిల్లాణ్ణి తీసుకెళ్లండి. బడి వైపు నుంచి చెయ్యగలిగేది, అందర్నీ ఒక్కసారే వదలకపోవడం. ముందు నడిచి వెళ్లేవాళ్లు, ఓ ఐదు నిమిషాలాగి సైకిళ్లు, ఆ తర్వాత బస్సులు కదలాలి. దీనికి పైసా ఖర్చు లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, అయినా చాలా చోట్ల చెయ్యరు, ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక పిల్లలు. హైస్కూలు వయసు పిల్లలకి "జాగ్రత్తగా వెళ్లండి" అని చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. వాళ్లతోనే కొలిపించాలి. డ్రిల్లు మాస్టార్ని ఒప్పించి గ్రౌండులో సుద్దతో ఓ గీత గీయించండి. ఆ గీత దగ్గర డ్రైవరుకి అడ్డంగా ఎవరో కనపడ్డారనుకుందాం. కనపడ్డాక కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క సెకనులోనే బండి దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది, బ్రేకు పడ్డాక ఆగడానికి పొడి రోడ్డు మీద కూడా ఇంకో 14 మీటర్లు కావాలి. అదే 30 వేగంలో అయితే అన్నీ కలిపి 13 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. మొదటి గీత నుంచి కొలిచి, రెండు బండ్లూ ఆగే చోట్ల రెండు గీతలు గీసి చూపించండి: 30లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన చోట, 50లో వచ్చిన బండికి ఇంకా బ్రేకే పడలేదు. మా తొమ్మిదో తరగతి వాళ్లు ఆ 28 మీటర్లూ నడిచి లెక్కపెట్టాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒకడు "వాన పడితే సార్?" అని అడిగాడు. తడి రోడ్డు మీద బ్రేకు వేశాక పోయే దూరం ఇంచుమించు రెట్టింపు అవుతుందని చెప్పాక, గీత ఎంత దూరం జరపాలో వాళ్లే లెక్కేసి జరిపారు. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం, నడిచేవాళ్లూ బండ్లూ కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని కోరింది కూడా ఇందుకే. మీ బడి రోడ్డుకి ఆ బోర్డు లేకపోతే, పిల్లలు గీసిన కొలతలతోనే ఒక అర్జీ రాయించి సంబంధిత ఆఫీసులో ఇవ్వండి.

బస్సు దిగేవాళ్లకి ఒక్క సూత్రం చాలు: డ్రైవరు కళ్లు నీకు కనపడకపోతే నువ్వు అతనికి కనపడట్లేదు. బస్సు ముక్కుకి ఆనుకుని నడిస్తే పైన కూర్చున్నతనికి మీ తల కూడా కనిపించదు. దిగాక బస్సుకి ముందు నుంచీ వెనక నుంచీ కాదు, అది వెళ్లిపోయాక దాటాలి. నీళ్ల సీసా బస్సు కిందికి దొర్లిందా, దొర్లనీ, డ్రైవరుకి చెప్పకుండా వంగొద్దు.

సైకిళ్ల వాళ్లకి తెలియని సంగతి ఇంకోటుంది. బస్సు గానీ లారీ గానీ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రం ముందు చక్రం వెళ్లిన దారినే రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. పెద్ద బండికీ రోడ్డు అంచుకీ మధ్య సందు దొరికింది కదా అని దూరితే ఆ సందు మలుపులో మూసుకుపోతుంది. సిగ్నల్ దగ్గర పెద్ద బండి పక్కన కాదు, వెనక ఆగాలి.

బడి తెరిచే ముందు ఆదివారం సైకిలు బయటికి తీయండి. బ్రేకు రబ్బర్లు అరిగాయేమో చూడండి, బ్రేకు పట్టి తోస్తే చక్రం అసలు తిరగకూడదు. గాలి, గొలుసు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు. బ్యాగు హ్యాండిలుకి తగిలించడం మాత్రం వద్దే వద్దు, మలుపులో అది చక్రంలోకి వెళ్తుంది. చీకటి వేళ వెళ్లేవాళ్లయితే బ్యాగు వెనక మెరిసే టేపు ముక్క అంటించండి, అంతే.

హెల్మెట్ గురించి అందరూ చెప్తారు, పిల్లలు అందరికీ తల ఊపుతారు. నేను మాత్రం వాళ్లకి ఒక కథ చెప్తాను. 1935లో ఇంగ్లండులో ఒకాయన మోటారు సైకిలు మీద వస్తున్నాడు, రోడ్డు పల్లంలో ఉండటం వల్ల ఎదురుగా సైకిళ్ల మీదున్న ఇద్దరు కుర్రాళ్లు చివరి క్షణం దాకా కనపడలేదు. వాళ్లను తప్పించబోయి పడ్డాడు, తలకి దెబ్బ తగిలి ఆరు రోజులకి చనిపోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బుల పక్కన నిలిచి పోరాడిన బ్రిటిష్ సైనికాధికారి ఆయన, లోకం ఆయన్ని అరేబియా లారెన్స్ అంటుంది. అప్పుడు చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఒకరు. ఆ చావు మనసులో పెట్టుకుని ఏళ్ల తరబడి మోటారు సైకిలు ప్రమాదాల మీద పనిచేసి, 1941లో హెల్మెట్ ప్రాణాలు నిలుపుతుందని పరిశోధన వ్యాసం రాశాడు. కథ అయ్యాక స్ట్రాప్ సంగతి చెప్తే వింటారు: గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత బిగువు, అంతకన్నా వదులైతే పడేటప్పుడు హెల్మెట్ ఒక పక్కకి, తల ఒక పక్కకి పోతాయి. చేతికి తగిలించుకున్న హెల్మెట్ మోచేతికి కూడా పనికిరాదు.

లైసెన్సు వయసు రాని పిల్లాడికి బండి తాళం ఇచ్చి, పైగా "మావాడు బాగా నడుపుతాడు" అని మురిసిపోయేవాళ్లతో నేను వాదన పెట్టుకోను. తాళం పిల్లాడికి అందని చోట పెట్టండి, అంతే చెప్తాను.

ఇయర్‌ఫోన్లు గేటు దాటాక కాదు, ఇల్లు చేరాక పెట్టుకోవాలి. నడిపేటప్పుడు ఫోను వాడితే ప్రమాదం అవకాశం దాదాపు నాలుగు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, కాబట్టి దింపడానికి వచ్చిన అమ్మానాన్నలు ముందు తమ ఫోను జేబులో పెట్టాలి, వెనక కూర్చున్నవాడు అన్నీ చూస్తుంటాడు.

ఒకవేళ ఎవరైనా పడితే, అందరూ మూగకుండా ఒకరు వచ్చే బండ్లను ఆపాలి, ఒకరు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలి. మెడకి దెబ్బ తగిలిందేమోనని అనుమానం ఉంటే లేపి కూర్చోబెట్టొద్దు, ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ లాగొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. నీళ్లు తాగించొద్దు.

చివరగా, మా దగ్గర బాగా పనిచేసింది ఒకటి చెప్తాను. నోటీసు బోర్డు పక్కన ఒక నోటుబుక్కు పెట్టి పైన "కొద్దిలో తప్పింది" అని రాశాం. ఎవరికి ఎక్కడ ప్రమాదం అంచుదాకా వచ్చి తప్పిపోయినా, పేరు లేకుండా చోటు, టైము రాస్తారు. నెల తిరిగేసరికి సగం రాతలు ఒకే మలుపు గురించే ఉన్నాయని తేలింది, అక్కడ గోడ పక్కన పెరిగిన పొద వల్ల వచ్చే బండి కనపడట్లేదట. పొద కొట్టించాం. మీరూ పెట్టండి, కాకపోతే పెన్ను దారంతో కట్టి వేలాడదీయండి, లేకపోతే రెండో రోజుకే పెన్ను మాయమైపోతుంది.