నాటకానికి టికెట్లు కొన్నాక ఊళ్లో జ్వరాలు మొదలైతే

ఆదివారం సాయంత్రం ఆరున్నరకి పద్యనాటకం. పది రోజుల ముందే నాలుగు టికెట్లు కొన్నారు. ఇంట్లో పెద్దావిడ కూడా వస్తానంది, స్టేజీ మీద కృష్ణుణ్ణి చూసి ఎన్నేళ్లయిందో అంటూ. బుధవారానికి పిల్లాడి క్లాసులో సగం బెంచీలు ఖాళీ. గురువారం అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి దగ్గు. శుక్రవారం టీవీలో ఆసుపత్రి ఓపీ దగ్గర క్యూలు చూపించారు. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. ఒకరు వెళ్దామంటారు, ఒకరు వద్దంటారు, చివరికి ఆదివారం మధ్యాహ్నం ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట నెగ్గుతుంది.

నలభై ఏళ్లుగా నాటకాలు చూస్తున్నాను. మానుకున్న నాటకాలున్నాయి, మానుకోవాల్సింది పోయి వెళ్లినవీ ఉన్నాయి. అందుకే చెబుతున్నాను, ఈ నిర్ణయాన్ని ఆదివారం దాకా నానబెట్టకండి. టికెట్ కొన్న రోజే ఇంట్లో అందరూ కూర్చుని, ఏం జరిగితే మానేస్తామో ఒక గీత గీసుకోండి. ‘మనలో ఎవరికైనా జ్వరం వస్తే వెళ్లం. అమ్మమ్మకి ఆయాసం ఎక్కువైతే ఆవిడ దగ్గర ఒకరు ఆగిపోవాలి. హాల్లో గాలి ఆడదని తెలిస్తే పెద్దవాళ్లని తీసుకెళ్లం.’ ఇలా రెండు మూడు మాటలు చాలు. ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటే తర్వాత వాదన ఉండదు.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు. 17వ శతాబ్దం మొదట్లో లండన్‌లో వారానికి ప్లేగు చావులు 30 దాటితే నాటకశాలలు మూసేయాలని ఒక లెక్క పెట్టుకున్నారు. ఆ అంకె సరైనదా కాదా అన్నది వేరే మాట. భయం ముదరకముందే లెక్క ఖాయం చేసుకోవడంలో తెలివి ఉంది.

ప్రభుత్వం మూయిస్తే అప్పుడు చూద్దాంలే అనుకునేవాళ్లున్నారు. ఆ ఉత్తర్వు వచ్చేసరికి ఆలస్యం అయిపోతుంది. తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడితే, సినిమా హాళ్లు మూసేయాలని ప్రభుత్వం చెప్పింది మార్చి 14న. మధ్యలో ఆ రోజులన్నీ టికెట్లు చేతిలో ఉన్నవాళ్లు తమంతట తామే తేల్చుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్ బ్రాడ్‌వేలోని 41 థియేటర్లూ మార్చి 12 సాయంత్రం 5 గంటల నుంచి మూతపడ్డాయి, ఆ రాత్రి ఆటలకి జనం బయల్దేరే వేళకి. 2009 ఆగస్టులో స్వైన్ ఫ్లూ ముదిరినప్పుడు ముంబైలో మూడు రోజులు సినిమా హాళ్లు బంద్ చేశారు. అక్కడా అంతకుముందు వారం టికెట్లు కొన్నవాళ్ల పరిస్థితి ఇదే.

ముందు తెలుసుకోవాల్సింది ఊళ్లో నడుస్తున్నది ఏ జబ్బు అని. ‘వైరల్ అంట’ అనేది జవాబు కాదు. మీ ఫ్యామిలీ డాక్టర్‌కి ఫోన్ చేసి, ఈ వారం ఎక్కువగా ఏం చూస్తున్నారండీ అని అడగండి, చెబుతారు. ఎందుకంటే ఒక్కో జబ్బుకి హాలుతో ఉన్న సంబంధం ఒక్కోలా ఉంటుంది.

డెంగీ అయితే పక్క సీటు మనిషి నుంచి మీకు అంటుకోదు. అది దోమ తెచ్చేది, అదీ ఎక్కువగా పగటిపూట, పొద్దున్నే, పొద్దుగూకే ముందు కుట్టే దోమ. ఊళ్లో డెంగీ ఉందని నాటకం మానక్కర్లేదు. హాలు బయట ఆవరణలో మొక్కలు, నీళ్లు నిలిచిన తొట్లు ఉంటాయి కాబట్టి నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్టలు వేసుకుంటే చాలు. టైఫాయిడ్, కామెర్లు, వాంతులు విరేచనాలు అయితే అనుమానించాల్సింది నీళ్లని, తిండిని. ఇంటి నుంచి నీళ్ల సీసా తీసుకెళ్లండి, ఇంటర్వెల్‌లో కోసిన పండ్లు, చట్నీలు ముట్టకండి. కళ్లకలక చూస్తే అంటుకోదు, చేతుల ద్వారా అంటుకుంటుంది. కుర్చీ చేతులు, తలుపు పిడి పట్టుకుని కళ్లు నలుపుకోకపోతే భయం లేదు. కళ్లు ఎర్రగా ఉన్న మనిషి మాత్రం తగ్గేదాకా ఇంట్లో ఉండాలి.

ఫ్లూ, కరోనా వంటివి గాలిలో వచ్చేవి. అసలు ఆలోచించాల్సింది వీటి గురించే. ఫ్లూ ఉన్న మనిషి తనకి జ్వరం తగలడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకి అంటిస్తాడు, ఆ తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల దాకా. అంటే హాల్లో ఆరోగ్యంగా నవ్వుతూ కూర్చున్న మనిషి కూడా అందులో ఉండొచ్చు.

అన్నిటికన్నా గట్టిది తట్టు, మీజిల్స్ అంటారే అది. ఆ రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉంటుంది. రక్షణ లేనివాళ్లు పదిమంది దగ్గరికి వస్తే తొమ్మిదిమందికి అంటుకోగలదు. పైగా దద్దుర్లు కనపడటానికి నాలుగు రోజుల ముందే అంటించే దశ మొదలవుతుంది. మన దగ్గర తట్టు, రుబెల్లా రెంటికీ కలిపి వేసే ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. ఊళ్లో తట్టు ఉందని తెలిస్తే చంటిబిడ్డని ఎత్తుకుని హాలుకి వెళ్లకండి. రెండు డోసులూ వేసుకున్న పిల్లలకి అంత భయం లేదు. టీకా కార్డు ఒకసారి తీసి చూసుకోండి, ‘వేయించే ఉంటాం’ అని వదిలేయకండి.

ఇక హాలు. చాలామంది సీట్ల మధ్య దూరం చూస్తారు, నేను గాలి చూస్తాను. నాటకం హాళ్లలో వెలుగు లోపలికి రాకూడదని తలుపులన్నీ మూస్తారు, నల్ల తెరలు దించుతారు. చిన్న హాళ్లలో గోడకి బిగించిన స్ప్లిట్ ఏసీలుంటాయి. చల్లగా ఉంటుంది కదా, గాలి బాగుందనుకుంటాం. ఆ ఏసీ లోపలి గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది, బయటి గాలి తేదు. తలుపు తీయగానే ఉక్కగా, నిన్నటి అగరొత్తి వాసన, జనం వాసన కొట్టిందంటే ఆ హాల్లో పాత గాలి బయటికి పోవడం లేదు. ఒక రోజు ముందు నిర్వాహకులకి ఫోన్ చేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేస్తారా, ఇంటర్వెల్‌లో తలుపులన్నీ తెరుస్తారా అని అడగండి. అడిగేవాళ్లు నలుగురైతే వాళ్లూ పట్టించుకుంటారు. హైదరాబాద్‌లో లలిత కళాతోరణం లాంటి ఆరుబయట వేదిక అయితే ఈ భయంలో చాలా భాగం తగ్గుతుంది.

పద్యనాటకం విషయంలో ఇంకొకటి. ఒకసారి మొదటి వరసలో కూర్చుని చూడండి. కృష్ణుడు రాగం ఎత్తి తారస్థాయికి వెళ్లినప్పుడు పక్క నుంచి పడే లైటులో ఆయన నోటి తుంపర తెల్లటి పొగలా కనిపిస్తుంది. కంటికి కనిపించే చుక్కలు కింద పడిపోతాయి, కనపడని సన్న తుంపర గాలిలో తిరుగుతుంది. గొంతెత్తి పాడితే ఊపిరితో పాటు ఎంత బయటికి వస్తుందో 2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ అనే చోట తెలిసింది. 61 మంది బృందగానం రిహార్సల్‌కి చేరారు. రెండున్నర గంటలు పాడారు. వారిలో ఒకరికి జలుబు లాంటి లక్షణాలున్నాయి. ఆ మనిషితో కలిపి 53 మంది కరోనాతో జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. ప్రేక్షకులం మనం పాడం నిజమే, కానీ ‘వన్స్ మోర్’ అని అరుస్తాం, పడీ పడీ నవ్వుతాం. జ్వరాల రోజుల్లో మొదటి మూడు వరసలు వదిలేసి, తలుపు దగ్గర చివరి సీట్లు పట్టండి. మెచ్చుకోలు చప్పట్లతో సరిపెట్టండి.

ఇంట్లో ఎవరున్నారో కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీకు పాతికేళ్లే, మూడు రోజుల్లో లేచి తిరుగుతారు. మంచం పక్కన ఇన్‌హేలర్ పెట్టుకుని పడుకునే మామయ్యగారో, కీమో జరుగుతున్న అక్కో, నెలలు నిండిన కోడలో ఉంటే మీరు హాలు నుంచి తెచ్చేది వాళ్ల దాకా వెళుతుంది. అలాంటి ఇల్లయితే, గాలిలో వచ్చే జబ్బు ఊళ్లో జోరుగా ఉన్న వారం ఆ నాటకం మానేయండి. నా మటుకు ఇందులో రెండో ఆలోచన లేదు.

అందరికన్నా ముందు ఆగాల్సింది ఒంట్లో బాగాలేని మనిషి. కరోనాకి ముందు మాట ఇది. మా సొంతూళ్లో పరిషత్తు నాటకాలు జరుగుతున్నాయి. ఆ రోజు పొద్దుటి నుంచి నాకు ఒళ్లు వెచ్చగా ఉంది, గొంతు గరగర. పారాసిటమాల్ వేసుకున్నాను, జ్వరం దిగింది, వెళ్లాను. నాటకం అయ్యాక గ్రీన్‌రూమ్‌కి పోయి, డెబ్బై దాటిన ఆ పెద్దనటుణ్ణి కావలించుకుని మరీ అభినందించాను. మొహాన రంగు ఇంకా తుడుచుకోలేదు ఆయన, నా భుజానికి నీలం అంటింది. నాలుగో రోజు ఆయనకి జ్వరమని, తర్వాతి ఊళ్లో ఆట రద్దయిందని తెలిసింది. నా నుంచే వచ్చిందని రుజువు లేదు. కానీ ఆ చొక్కా మీది నీలం మరక చూసినప్పుడల్లా నాకు నిద్ర పట్టేది కాదు.

పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుంది, అంటించే గుణాన్ని తీసేయదు. మందు లేకుండా జ్వరం తగ్గి 24 గంటలు గడిచి, మిగతా లక్షణాలు కూడా తగ్గుముఖం పట్టాకే జనంలోకి వెళ్లాలి. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు మాస్కు పెట్టుకోవాలి. మన నాటక సమాజాల్లో ఒక పాత్రకి ఒకరే ఉంటారు, బదులు వేసేవాళ్లుండరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల్లోనైతే తాతలు, తల్లులు, చంటిపిల్లలు ఒకే కుటుంబంగా వేషాలు వేస్తారు. అలాంటి చోట తెర వెనక్కి మనం ఒక్క దగ్గు తీసుకెళితే ఇల్లంతా పడకేస్తుంది. జ్వరాల సీజన్లో గ్రీన్‌రూమ్‌కి వెళ్లకండి. నమస్కారం దూరం నుంచే పెట్టండి, సెల్ఫీ ఇంకోసారి దిగొచ్చు.

డబ్బు సంగతి. ‘టికెట్లు వేస్ట్ అవుతాయి కదా’ అన్న మాట దగ్గరే ఎక్కువమంది లొంగిపోతారు. టికెట్‌కి పెట్టిన రూపాయలు కొన్న రోజే పోయాయి. వెళ్లినా తిరిగి రావు, మానినా రావు. ఇప్పుడు తేల్చాల్సింది ఆ మూడు గంటలు అక్కడ కూర్చోవచ్చా లేదా అన్నది మాత్రమే. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్ అయితే రద్దు గడువు ఎప్పటితో ముగుస్తుందో ముందే చదవండి. నాటకాలు, కచేరీల టికెట్ల మీద చాలాసార్లు రిఫండ్ లేదనే ఉంటుంది. అయినా నిర్వాహకులకి ఫోన్ చేసి తేదీ మార్చుతారా, వేరేవాళ్ల పేరు మీద పంపొచ్చా అని అడిగితే చిన్న సమాజాలు తరచూ ఒప్పుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఓ కాలేజీ పిల్లవాడికి టికెట్ ఇచ్చేయడం కూడా మంచి పద్ధతే. స్తోమత ఉంటే చిన్న సమాజాన్ని డబ్బు వెనక్కి అడగకండి. హాలు అద్దె, మేకప్, లైట్లు, తబలా, హార్మోనియం వాళ్లకి వాళ్లు ముందే ఇచ్చేసి ఉంటారు.

ఆట వాళ్లే రద్దు చేస్తే డబ్బు మీరు కట్టిన దారిలోనే తిరిగి రావాలి. ఇలాంటి రోజుల్లోనే ‘మీ టికెట్ రిఫండ్ ఇస్తాం, ఓటీపీ చెప్పండి’ అంటూ దొంగ ఫోన్లు వస్తాయి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు. కొట్టమన్నారంటే మోసమే. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వెళ్లాలనే తేలితే ఎన్95 మాస్కు, అదీ తల వెనక్కి రెండు పట్టీలుండేది అయితే మేలు. ముక్కు మీది తీగని రెండు వేళ్లతో నొక్కి ఊపిరి వదలండి. కళ్లద్దాలు మసకబారితే గాలి పక్కల నుంచి పోతున్నట్టు, మళ్లీ సర్దుకోండి. గడ్డం కిందికి దించిన మాస్కు వల్ల ఏ లాభమూ లేదు. ఇంటర్వెల్‌లో క్యాంటీన్ దగ్గర అందరూ మాస్కులు తీసి ఒకరి మీద ఒకరు పడతారు, ఆ పది నిమిషాలు ఆరుబయటికి వెళ్లండి, టీ అక్కడే తాగండి. ఫ్లూ టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి నాటకం రేపనగా వేయించుకుంటే ఆ నాటకానికి పనికిరాదు. మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర్లో ఒకసారి ఎక్కువవుతుంది. పెద్దవాళ్లకి ఎప్పుడు వేయించాలో డాక్టర్‌ని అడిగి వానలకి ముందే చూసుకోండి.

తిరిగొచ్చాక టికెట్ మెసేజ్ చెరిపేయకండి. ఫ్లూ అయితే ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది, తట్టు అయితే పది నుంచి పద్నాలుగు రోజులు పట్టొచ్చు. పెద్దవాళ్లకి జ్వరం తగిలితే మొదటి రెండు రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఫ్లూ మందు అప్పుడు ఇస్తేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా రాత్రైనా ఆగకండి. ఆ పని అయ్యాక నాటకం నిర్వాహకులకి ఒక ఫోన్ చేసి తేదీ, సీటు నంబరు చెప్పండి. వాళ్లకి తర్వాతి వారం ఇంకో ఊళ్లో ఆట ఉండి ఉంటుంది.