స్క్రూ విప్పకముందే: పాత ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ వేయించేవాళ్లకు జాగ్రత్తలు

ఏప్రిల్ సగం దాటిందంటే హన్మకొండలో నా టేబుల్ మీద పాత ల్యాప్‌టాప్‌లు పేరుకుపోతాయి. "పోరడు ఇంజనీరింగ్‌ల చేరుతడు, కొత్తది కొనేదాంక దీన్ని జర నడిచేటట్టు చెయ్యి తమ్మీ" అంటూ ఇంటర్ పిల్లల తండ్రులు వస్తారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి హడావుడి కాస్త తగ్గాక అడ్తి దుకాణాల గుమస్తాలు వస్తారు. లగ్గం పత్రికల ఆర్డర్లు మీద పడ్డ డీటీపీ వాళ్లయితే వచ్చుడు వచ్చుడే కోపంగా వస్తారు. ఎవరిని కదిలించినా ఒకటే ఫిర్యాదు: ఆన్ చేసి, కిందికి పోయి చాయ్ తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతనే ఉంటది.

తిరిగే హార్డ్‌డిస్క్ తీసి, చిప్‌లలో ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ వేస్తే చాలావరకు ఆ చక్రం ఆగుతుంది, నిజమే. కానీ నేను చూసిన నష్టాల్లో నాసిరకం డ్రైవ్ కొన్నందుకు జరిగినవి తక్కువ. మార్చే రోజు తొందరపడ్డందుకు జరిగినవే ఎక్కువ. నా చేతి మీదుగా జరిగింది కూడా ఒకటుంది, దాని సంగతి కింద చెప్తాను.

ముందు రోగం అదేనా కాదా చూసుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ చేసి పది నిమిషాలు ఏమీ తెరవకుండా వదిలేయండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో డిస్క్ దగ్గర ఎంత శాతం చూపిస్తున్నదో చూడండి. ఏ పనీ లేకుండానే 100 దగ్గర కొట్టుకుంటుంటే అనుమానం హార్డ్‌డిస్క్ మీదే. మెమరీ కూడా 90 దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. 4 జీబీ ర్యామ్ మెషీన్‌కు ఎస్ఎస్‌డీ ఒక్కటే వేయించడం సగం వైద్యం. చవకగా వచ్చిన కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో ఈఎంఎంసీ అని స్టోరేజీని బోర్డుకే అతికించి పెడతారు. వాటిలో వేరే స్లాట్ లేకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఇంకో మాట: విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఏడో తరం, అంతకన్నా పాత ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అలాంటి మెషీన్ మీద ఎంతవరకు ఖర్చు పెట్టాలో ముందే లెక్క వేసుకోవాలి.

ఇక స్పీడు. డబ్బా మీద పెద్ద అంకె చూసి మోసపోకండి. ల్యాప్‌టాప్‌లలో వచ్చే, నిమిషానికి 5,400 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్ ఒకే పెద్ద ఫైలును సెకనుకు 100 ఎంబీ చొప్పున చదవగలదు. కానీ విండోస్ లేచేటప్పుడు చదివేది ఒక పెద్ద ఫైలు కాదు, వేల చిన్న ఫైళ్లు. ఒక్కోదాని కోసం లోపలి ముల్లు అటూ ఇటూ ఉరకాలి. అప్పుడు దాని వేగం సెకనుకు ఒక ఎంబీ దగ్గరికి పడిపోతుంది. ఎస్ఎస్‌డీలో ఉరికే ముల్లే లేదు, అందుకే అంత తేడా. ఎస్ఎస్‌డీ బోర్డుతో మాట్లాడే దారులు రెండు: పాతది సాటా, దానికన్నా వేగమైన కొత్తది ఎన్‌వీఎంఈ. సెకనుకు సాటా ఎస్ఎస్‌డీ 550 ఎంబీ వరకు, మూడో తరం ఎన్‌వీఎంఈ 3,500 వరకు, నాలుగో తరంలో మంచివి 7,000 వరకు ఇస్తాయి. అయితే హార్డ్‌డిస్క్ నుంచి సాటాకు మారినప్పుడు కళ్లకు కనిపించే తేడా, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు టాలీ, వర్డ్, బ్రౌజర్ వాడే మనిషికి కనిపించదు. మూడో తరం స్లాట్‌లో నాలుగో తరం డ్రైవ్ పెడితే పని చేస్తుంది, కానీ మూడో తరం వేగంతోనే. స్కూటీకి లారీ టైరు వెతకొద్దు.

అందరూ తప్పు చేసేది స్లాట్ దగ్గర. పాత ల్యాప్‌టాప్‌లలో ఉండేది 2.5 అంగుళాల సాటా డబ్బీ. కొనేది 7 మిల్లీమీటర్ల మందం ఉండాలి. కొంచెం కొత్తవాటిలో చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 స్లాట్ ఉంటుంది. చిక్కంతా ఈ ఎం.2తోనే. అది ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటా డ్రైవ్ ఉంటుంది, ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఉంటుంది. కొన్ని స్లాట్‌లు ఒకదాన్నే ఒప్పుకుంటాయి. సాటా పట్టీకి మామూలుగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి ఎక్కువగా ఒకటే గాటు ఉంటుంది. కానీ గాటు సరిపోయి లోపలికి దిగినంత మాత్రాన పని చేస్తుందని కాదు. పొడవు కూడా చూడాలి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242, 2230 అని పొట్టివి ఉన్నాయి. మీ బోర్డు మీద స్క్రూ బిగించే చోటు 42 దగ్గరే ఉంటే 80ది పెట్టలేరు.

కాబట్టి ల్యాప్‌టాప్ కింద స్టిక్కర్ మీద పూర్తి మోడల్ నంబర్ రాసుకోండి. పేరు ఒక్కటే చాలదు, ఒకే పేరుతో అయిదారు రకాల బోర్డులు వస్తాయి. ఆ నంబర్‌తో కంపెనీ సర్వీస్ మాన్యువల్ దొరుకుతుంది. లేదంటే వెనక మూత విప్పించి స్లాట్ ఫొటో తీసుకొని దుకాణానికి పోండి. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి కొనేవాళ్లు మన దగ్గర చాలామంది. రకాలు ఎక్కువ దొరుకుతాయి, కాదనను. కానీ తప్పుది తెస్తే మార్చుకోవడానికి మళ్లీ ఒక రోజు, మళ్లీ టికెట్టు. మిగిల్చింది అక్కడే పోతుంది.

సైజు 500 జీబీకి తగ్గొద్దని నా అభిప్రాయం. 256 వేసి ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చినవాళ్లున్నారు. చిప్ టీఎల్‌సీయా (ఒక్కో గడిలో మూడు బిట్లు దాచేది), క్యూఎల్‌సీయా (నాలుగు దాచేది) అడగండి. క్యూఎల్‌సీ చవక, కానీ పెద్ద పెద్ద ఫైళ్లు ఎక్కించేటప్పుడు మధ్యలో నీరసపడుతుంది. ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి కొన్ని డ్రైవ్‌లలో డీర్యామ్ అనే చిన్న మెమరీ ఉంటుంది. అది లేని ఎన్‌వీఎంఈ ల్యాప్‌టాప్ ర్యామ్‌లో కొంత అరువు తీసుకొని నెట్టుకొస్తుంది. సాటాకు ఆ వసతి లేదు, అందుకే సాటా కొంటే డీర్యామ్ ఉన్నదే మేలు. అరిగిపోతుందేమో అనే భయం మాత్రం వదిలేయండి. శాంసంగ్ 870 ఈవో 500 జీబీకి కంపెనీ ఇచ్చే హామీ మొత్తం 300 టీబీ (టీబీ అంటే వెయ్యి జీబీ) రాసేదాకా, లేదా అయిదేళ్లు. రోజూ 20 జీబీ రాసినా 300 టీబీ నిండడానికి నలభై ఏళ్లు. భయపడాల్సింది నకిలీకి: ఊరూ పేరూ లేని కంపెనీ 8 టీబీ, 16 టీబీ అని కారుచవకగా అమ్ముతుంటే అది మోసమే. లోపల చిన్న చిప్ పెట్టి, పెద్ద సైజు చూపించేటట్టు మార్చి పెడతారు. ఒక హద్దు దాటాక మీరు పెట్టిన ఫైళ్లు గాలికి పోతాయి. సీరియల్ నంబర్ రాసిన బిల్లు లేనిదే తీసుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి.

రెండేళ్ల కింద మా అక్క కూతురు ల్యాప్‌టాప్ తెచ్చింది. అది హార్డ్‌డిస్క్ మెషీన్ కాదు. 256 జీబీ ఎస్ఎస్‌డీ నిండిపోయి కుంటుతున్నది. ఎంఎస్సీ ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉన్నది. కాపీ తీద్దాం అనుకుంటూనే, ముందు బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగ్స్) ఒకసారి సర్దుదామని లోపలికి పోయి, చేతి దురదకు టీపీఎం (తాళం చెవులు దాచే చిప్) క్లియర్ చేశాను. మళ్లీ ఆన్ చేస్తే నీలం తెర: బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టండి, 48 అంకెలు. "అదేంది మామా, నేను ఎన్నడూ లాక్ పెట్టలే" అన్నది. నిజమే, ఆమె పెట్టలేదు. బిట్‌లాకర్ అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ లాక్ దానంతట అదే పడుతుంది, కీ ఆ అకౌంట్‌లో దాచి ఉంటుంది. మరి ఆ అకౌంట్ ఎవరిది? కొన్న రోజు దుకాణంలో పని చేసే పిల్లగాడు తొందరగా పని కావాలని ఏదో ఒక ఈమెయిల్ తయారుచేసి ఎక్కించాడు. పాస్‌వర్డ్ మార్చుదామంటే ఓటీపీ అతని ఫోన్‌కు పోతుంది. అతను ఆ దుకాణం మానేసి చాన్నాళ్లయింది. వాళ్లనూ వీళ్లనూ అడిగి అతన్ని పట్టుకునేసరికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ మా అక్క నాతో మాట్లాడలేదు.

అందుకే ఏది ముట్టుకునే ముందైనా సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (అంటే ఈ లాకే) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆ 48 అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి, లేదా లాక్ మొత్తం ఆఫ్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగండి. ల్యాప్‌టాప్‌లో ఎవరి ఈమెయిల్ ఉందో కూడా ఇవాళే చూసుకోండి. మీది కాకపోతే ఇవాళే మార్చండి.

తర్వాత కాపీ. విండోస్‌ను ఉన్నది ఉన్నట్టు కొత్త డ్రైవ్‌లోకి దింపడాన్ని క్లోనింగ్ అంటారు, కొత్తగా ఎక్కించడం ఇంకో పద్ధతి. వైరస్‌లు, చెత్త పేరుకున్న మెషీన్ అయితే కొత్తగా ఎక్కించడమే శుభ్రం. కానీ డీటీపీ వాళ్లకు నేను క్లోనింగే చెప్తాను. ఏనాటి సీడీ నుంచో ఎక్కించిన పేజ్‌మేకర్, అను ఫాంట్లు మళ్లీ ఎక్కించాలంటే ఆ సీడీ ఏ అటక మీద ఉందో ఎవరికీ తెలియదు. లగ్గాల నెలలో అది పోతే దుకాణం మూసినట్టే. అడ్తి దుకాణాల వాళ్లు టాలీ బ్యాకప్ తీసుకోవడమే కాదు, పాత డిస్క్ తీయకముందే టాలీ లైసెన్స్ సరెండర్ చేయాలి. కొత్త డ్రైవ్ మీద మళ్లీ యాక్టివేట్ చేసుకుంటారు. అసలు మార్చి నెలాఖరులో, ఖాతాలు ముగించే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టే వారంలో కూడా వద్దు.

క్లోనింగ్‌కు ముందు కూడా ముఖ్యమైనవి వేరే పెన్‌డ్రైవ్‌కో, బయటి డిస్క్‌కో కాపీ చేయాలి. "ఎట్లాగూ మొత్తం దిగుతది గదా" అంటారు. దిగుతుంది, దిశ సరిగ్గా ఉంటే. ఏది పాతది, ఏది కొత్తది అన్నచోట పొరపాటున తలకిందులు ఎంచుకుంటే ఖాళీ డ్రైవ్ వచ్చి నిండు డ్రైవ్ మీద పడుతుంది. రెండూ 500 జీబీవే అయితే పొరపాటు ఇంకా సులువు. సైజు కాదు, మోడల్ పేరు చదివి నొక్కండి. 2018, 2019 నాటి కొన్ని ల్యాప్‌టాప్‌లలో హార్డ్‌డిస్క్‌తో పాటు దాన్ని వేగంగా నడిపించడానికి 16 జీబీ ఇంటెల్ ఆప్టేన్ ముక్క ఉంటుంది. ఆప్టేన్‌ను ముందు సాఫ్ట్‌వేర్‌లోంచి ఆఫ్ చేయకుండా డిస్క్ పీకితే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

మార్చే రోజు పొద్దున్నే కూర్చోండి. మన దిక్కు ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం లేస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. క్లోనింగ్ నడుమ పోతే పని మొదటికొస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఉంటే ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో చేయండి. మూత విప్పేముందు టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందేమో, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతుందేమో చూడండి. అట్లా ఉంటే లోపల బ్యాటరీ పొంగింది. దానికి స్క్రూడ్రైవర్ మొన తగిలితే మంటే. సొంతంగా విప్పొద్దు, చార్జింగ్ కూడా పెట్టొద్దు.

బాగుంటే చార్జర్ పీకి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, మూత తీయగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. స్క్రూలు అన్నీ ఒక పొడవు ఉండవు. తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టండి. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకో, పై మూతకో బొక్క పడుతుంది. మూత అంచులు లేపడానికి కత్తి వద్దు, పాత ఏటీఎం కార్డు చాలు. ఎం.2 పట్టీని ఏటవాలుగా దూర్చి, తర్వాత కిందికి వంచి స్క్రూ వేయాలి. బలం పెట్టాల్సి వస్తున్నదంటే తప్పు పెడుతున్నారని లెక్క.

సీడీ డ్రైవ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయితే దాని చోట క్యాడీ (డిస్క్ పట్టే చట్రం) వేసి పాత హార్డ్‌డిస్క్‌ను అందులో పెట్టొచ్చు. క్యాడీ 9.5, 12.7 మిల్లీమీటర్లని రెండు మందాల్లో వస్తుంది, కొలిచి కొనండి. కొత్త ఎస్ఎస్‌డీని మాత్రం అసలు చోట్లోనే పెట్టాలి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ లోపల ఉండకూడదు. రెండూ ఉంటే ఏది లేచిందో తెలియక, ఎస్ఎస్‌డీ నుంచి నడుస్తున్నదనుకొని పాతదాన్ని ఫార్మాట్ కొట్టినవాళ్లున్నారు. విండోస్ కొత్తగా ఎక్కిస్తుంటే డ్రైవే కనిపించడం లేదని కంగారు పడకండి. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లకు వీఎండీ డ్రైవర్ (డిస్క్‌ను విండోస్‌కు కనిపించేటట్టు చేసే సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌లో వేరుగా ఇవ్వాలి. అంతా అయ్యాక డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లను ఒకచోట చేర్చడం) మాత్రం చేయకండి, ఎస్ఎస్‌డీకి దాని అవసరం లేదు. ఇందులో డిలీట్ చేసింది ట్రిమ్ (డిలీట్ అయిన చోటును డ్రైవ్ ఖాళీ చేసుకునే పద్ధతి) వల్ల తొందరగా తుడుచుకుపోతుంది, తర్వాత ఎవరి దగ్గరికి తీసుకుపోయినా తిరిగి రావడం కష్టం. హార్డ్‌డిస్క్ చచ్చేముందు తరచూ టక్‌టక్ అని చెప్తుంది, ఇది చప్పుడు చేయకుండా పోతుంది.

ఎస్ఎస్‌డీలో ఫొటోలు వేసి బీరువాలో పెట్టేస్తామనేవాళ్లకు ఒక మాట. చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ అనే సంస్థ ప్రమాణం ప్రకారం, హామీ ఇచ్చినంతా రాసేసిన ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది డేటా నిలపాలి. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. మే నెలలో మన బీరువాలు 30 డిగ్రీల దగ్గర ఉండవు. ఏళ్ల తరబడి దాచడానికి తీసేసిన హార్డ్‌డిస్కే నయం.

ఆ పాత డిస్క్‌ను ఎక్స్‌చేంజ్‌కు ఇచ్చేయమని అడుగుతారు. వెంటనే ఇవ్వకండి. దాని మీద తెల్ల టేప్ అంటించి, ఎవరి ల్యాప్‌టాప్‌దో, ఏ తేదీన తీశామో రాసి, కనీసం నెల రోజులు పక్కన పెట్టండి. మా అక్క కూతురు ల్యాప్‌టాప్ నుంచి తీసిన ఆ 256 జీబీ పట్టీ ఇంకా నా టేబుల్ సొరుగులోనే ఉన్నది, దాని కింద 48 అంకెలు రాసిన కాగితం మడిచి.